ఆ చేత్తో పెడితే తినను

“ఆ అమ్మాయి చేత్తో పెడితే నేను తినను.”

శనివారం మధ్యాహ్నం. స్కార్‌బరోలోని ఆ కర్రీ పాయింట్ జనంతో కిటకిటలాడుతోంది. కోదండరామ్ గారు అందరికీ వినబడేలా అన్న మాట అది.

కౌంటర్ వెనక ప్లేటు పట్టుకున్న స్పందన బిగుసుకుపోయింది.

స్పందనది జగిత్యాల. ఈ పరాయి దేశంలో కాలేజీలో చదువుతూ ఈ హోటల్లో పార్ట్‌టైమ్ చేస్తోంది. లోపల గిన్నెలు తోమాలి, రద్దీ ఎక్కువైతే వచ్చి ప్లేట్లు అందించాలి. మరిగే నీళ్లు, ఘాటు సబ్బు. చలికాలం సగమయ్యేసరికి వేళ్ల సందులు పగిలి నెత్తురు చెమర్చడం మొదలైంది.

గ్లౌజులు అడిగితే ఓనర్ వెంకటేశ్వర రావు నవ్వాడు.

“ఇంట్లో మీ అమ్మ గ్లౌజులేసుకునే తోముతుందా?”

ఒళ్లు మండిపోయింది. కానీ ఉన్నది ఈ ఒక్క ఉద్యోగం. నోరు మూసుకుని కొబ్బరినూనె రాసుకుంది.

ఇప్పుడేమో ఈయన.

ఎప్పుడొచ్చినా ఇంతే ఈ పెద్దమనిషి. లోపల వెచ్చగా ఉన్నా చేతి తొడుగులు తీయడు. గోంగూర పప్పన్నం కూడా చెంచాతోనే తింటాడు. పెద్ద దొర అనుకునేది స్పందన.

“అయ్యో, నిజమే, ఆ చేతులు చూడండి,” అంది క్యూలో ఒకావిడ. తీసుకున్న ప్లేటు కౌంటర్ మీద పెట్టేసి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకో కుటుంబం.

ఓనర్ పరుగెత్తుకొచ్చాడు. కోదండరామ్ గారిని సరుకుల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకున్నాడు.

స్పందన వంటింట్లోకి వచ్చి పడింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

వాళ్ల నాయనమ్మ శాంతమ్మకు దొరల ఇంట్లో చెంబు ఇచ్చేవాళ్లు కాదు. దోసిలి పట్టమని పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. సముద్రాలు దాటి వచ్చినా ఆ దోసిలి వదల్లేదు.

“చూసినవా కాకా ఆయన మాటలు?”

వంటమనిషి లింగయ్య కూర కలుపుతూనే ఉన్నాడు.

“ఊకో బిడ్డా.”

“ఎందుకు ఊకోవాలె? నువ్వన్నా ఒక్క మాట అనకపోతివి.”

లింగయ్య తల ఎత్తలేదు.

ఉద్యోగం పోయిందనే అనుకుంది. పోలేదు. మర్నాడు మోచేతుల దాకా వచ్చే గ్లౌజులొచ్చాయి. వాటి లోపల వేసుకోవడానికి నూలువి, చేతులకు రాసుకునే క్రీమూ వచ్చాయి. సింకు దగ్గర ఇక అందరూ వంతులేసుకోవాలన్నాడు ఓనర్. చేతులు మానేదాకా స్పందన నీళ్లు ముట్టుకోవద్దట, క్యాష్ దగ్గర కూర్చోవాలట.

కస్టమర్లు పోతారన్న భయం మరి. తను అడిగితే నవ్వినవాడు, ఆ దొర ఒక్క మాటంటే పరుగులు పెట్టాడు. అది తలుచుకుంటే ఇంకా మండేది.

చేతులు మానాయి. కోపం మానలేదు.

మంచు కరుగుతున్న రోజుల్లో ఆయన మళ్లీ వచ్చాడు. ముందు ఆమె చేతులకేసి చూశాడు. ముఖం వికసించింది.

“పప్పన్నం పెట్టమ్మా.”

స్పందన కదల్లేదు.

“నా చేత్తోని పెడితే మీకు అరగదు అంకుల్. ఇంకో హోటల్ చూసుకోండి.”

“నీ చేతులు బాగయ్యాయి కదమ్మా.”

“చేతులు బాగైనయ్. నా కులం మాత్రం అదే. అది గూడ అడిగి పోండ్రి.”

ఆయన ఏదో చెప్పబోయాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ఊరుకున్నాడు. కోటు జిప్పు పెట్టుకోబోతే తొడుగుల్లోని వేళ్లకు అది చిక్కలేదు. రెండుసార్లు ప్రయత్నించి, జిప్పు అలాగే వదిలేసి చలిలోకి వెళ్లిపోయాడు.

స్పందన సాయం చేయలేదు. కడుపు చల్లబడ్డట్టయింది.

ఆ తర్వాత ఆయన రాలేదు.

“పీడ పోయింది కాకా,” అంది ఒకరోజు.

లింగయ్య పొయ్యి కట్టేశాడు.

“గట్లనకు బిడ్డా. ఎడ్మంటన్‌ల చెల్లె ఇంటికి పోయిండు. ఇగ రాడు. నీకు గ్లౌజులు కొనియ్యమని ఓనర్‌కు ముందుగాల మెల్లగనే చెప్పిండాయన. ఓనర్ నవ్విండు. గిరాకీ పోతేనే వీడు భయపడతడని నలుగుట్ల అట్లన్నడు. గదిలకు పోయినంక ఏమన్నడో తెలుసా? గోడ ఇవతల నాకు ఇనబడ్డది. ఆ పిల్లను తీసేస్తే, ఎందుకు తీసేసినవో ఒక్కొక్క టేబుల్ కాడికి పోయి చెప్త అన్నడు.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నోరు తెరిస్తే నా పని పోతదన్నడు ఓనర్. భయపడ్డ.”

“ఆయనకేం పట్టింది కాకా? నేను ఆయనకు ఏమైత?”

లింగయ్య సింకు వైపు చూశాడు.

“అన్నం చేత్తో కలుపుకుంటే ఇప్పటికీ నిప్పులెక్క మండుతదట ఆయనకు. నీకంటే ముందు ఈ సింకు కాడ గిన్నెలు తోమింది ఆయనే బిడ్డా.”