పట్టని గ్రహణం

"ఆ ముక్క మళ్ళీ ఒకసారి సదువమ్మా," అన్నాడు బంగారయ్య, కట్టు కట్టిన కంటి మీదికి చెయ్యి పోనిస్తూ.

మేఘన ఆ చేతిని పట్టుకుని దుప్పటి మీద పెట్టింది. "ముట్టుకోవద్దన్నారు కదా తాతా. ఎన్నిసార్లు చదవాలి?"

"డాక్టరొచ్చి ఇది విప్పేదాకా."

మేఘన గొంతు సవరించుకుంది. "వెలుగు చీకట్లో మెరుస్తా ఉంది. చీకటి దానికి గ్రహణం పట్టించలేకపోయింది."

"అదీ," అన్నాడు తాత తృప్తిగా. "గ్రహణం పడితే సూరీడు సచ్చిపోతాడేటి? ఏదో అడ్డమొస్తాది, తప్పుకుంటాది. నా కళ్ళూ అంతే."

"గ్రహణాలు పట్టించుకోవద్దని పాస్టరుగారు అంటారు కదా."

"ఆయనన్నది అన్నం మానేసి కూకునేవోళ్ళ గురించే, గుంటా. ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు కాడ నీలం అద్దం అడ్డెట్టుకుని కరిగిన ఇనుము సూసినోణ్ణి నేను. ఆ ఎలుగు సూస్తే కళ్ళు పోతాయి. ఈ ఎలుగు వింటే వస్తాయి."

మేఘన నవ్వబోయి ఆగిపోయింది. ఆమె ఒళ్ళో ఉన్నది హిందీ బైబిలు.

భిలాయిలో పుట్టి హిందీ బడిలో చదివిన పిల్ల. తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నానమ్మ బతికున్నప్పుడు సాయంత్రాలు ఆవిడ వాక్యం పైకి చదివేది. తాత తన బైబిలు ఒళ్ళో తెరుచుకుని పెదాలు కదుపుతుండేవాడు. నానమ్మ పోయింది. ఆ వెనకే తాత కళ్ళకి పొర కమ్మింది. "ఇంక నువ్వే సదవాలమ్మా," అన్నాడు. రాదని చెప్పడానికి ఆ పిల్లకి నోరు రాలేదు. హిందీలో చూసి, అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. సంగతి తెలిసింది అమ్మ అరుణకుమారికి ఒక్కతికే.

ఆపరేషన్ అంటే తాతకి భయం. ఎవరెంత చెప్పినా వినలేదు. ఒకనాడు ఈ వాక్యం విని మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. మర్నాడు తనే, "నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అన్నాడు. అప్పట్నించి కనబడిన వాళ్ళందరికీ అదే మాట. పక్కనున్న కుమ్హారి ఊళ్ళో ప్రార్థన కూటానికి వెళ్తే అక్కడా సాక్ష్యం చెప్పాడు.

ఆ కూటంలోనే స్మృతి నగర్ రాజశ్రీ ఆంటీ మేఘనని పక్కకి పిలిచింది. ఆవిడ సండే స్కూలు టీచరు. "తాతగారికి ఆ గ్రహణం ఎక్కడ దొరికిందే? హిందీలో 'గ్రహణ్ న కియా' అని ఉంటుంది. అంటే అందుకోలేదని. సూర్యగ్రహణం కాదు. తెలుగు బైబిల్లో వెతికినా అది దొరకదు," అని నవ్వింది.

మేఘనకి ఆరోజు అన్నం సయించలేదు. తాత పట్టుకుని నిలబడిన మాట దేవుడిది కాదు, తన తప్పు. చూపొస్తే ఆయన మొదట తెరిచేది ఆ పుట. ఇక తన మాట గానీ, తన నోట విన్న వాక్యం గానీ ఆయన నమ్ముతాడా? చూపు రావాలని ప్రార్థన చేస్తూనే, ఆ పుటను తలుచుకుని వణికేది.

డాక్టరు వచ్చి కట్టు విప్పి, వేళ్ళు చూపించాడు. "దాదాజీ, కిత్నీ ఉంగ్లీ?"

"మూడు," అన్నాడు తాత తెలుగులోనే. డాక్టరు నవ్వి, గోడ మీది అక్షరాల పట్టీ చూపించబోయాడు. "అవన్నీ బాద్ మే, డాక్టర్ సాబ్. ముందు నా మనవరాల్ని సూడనీ." మేఘన గడ్డం పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "ఏటే, మొటిమలొచ్చేసేయి. మీ నానమ్మ పోలికే."

మేఘనకి కన్నీళ్ళాగలేదు. "దేవునికి స్తోత్రం తాతా."

"స్తోత్రం. నా బైబిలు తే."

మేఘన సంచి వెనక్కి జరిపింది. "కళ్ళకి శ్రమ తాతా, ఇంటికెళ్ళాక..."

"ఒక్క ముక్కే. నువ్వే తీసియ్యి, నాకు సెయ్యి ఒణుకుతంది."

మేఘన సంచిలోంచి తెలుగు బైబిలు తీసింది. హిందీ పుస్తకంలో ఆ పుట ఎంత లోపల ఉంటుందో అంత లోపలికి, అంచనాగా తెరిచింది. ఇదే పుటో కాదో ఆమెకి తెలియదు. ఇప్పుడే నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా.

తాత అప్పటికే వరుస మీద వేలు పెట్టాడు. మెల్లగా, పాస్టరు చదివినట్టు రాగం తీస్తూ చదివాడు. "వెలుగు చీకట్లో మెరుస్తా ఉంది. చీకటి దానికి గ్రహణం పట్టించలేకపోయింది."

అదే మాట. అక్షరం పొల్లుపోలేదు. తాత పుస్తకం మూసి గుండెకి ఆనించుకున్నాడు. "నువ్వు సదివినట్టే ఉందమ్మా. సల్లగా ఉండు."

మేఘన వరండాలోకి పరిగెత్తింది. అరుణకుమారి బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ వంచుతోంది.

"మమ్మీ, తాతకి చూపొచ్చింది. తెలుగు బైబిల్లోనూ గ్రహణమే ఉంది. రాజశ్రీ ఆంటీయే పొరబడింది. తాత చదివేరు."

"ఎవరు, మావయ్యగారే?"

"వేలు పెట్టి మరీ చదివేరు."

అరుణకుమారి టీ కప్పు పక్కన పెట్టింది. లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఆమె నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

"పిల్లలకి తెలిస్తే ఆయన చిన్నబోతారని మీ నానమ్మ నా దగ్గర మాట తీసుకుంది. నువ్వూ తెలిసినట్టు ఉండకు."

"ఏటి మమ్మీ?"

"ఆయనకి చదువు రాదే."