వీధి పెట్టె దాకా ఫైబర్

రేపు పొద్దున అక్కకు గుండె ఆపరేషన్. ఈ రాత్రి ఒక్కసారి ముఖం చూసుకుందామంటే, ఆసుపత్రి నుంచి వీడియో కాల్‌లోకి వచ్చిన ఆమె, టాబ్లెట్‌లో తెరిచిన నోరు తెరిచినట్టే బొమ్మలా ఆగిపోయింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

ఒళ్లు మండి ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాను.

"ఫైబర్ అని చెప్పి అంటగట్టారు కదయ్యా! ఇదేనా దాని వేగం?"

"మీ వీధిలో పెట్టె దాకా ఫైబరేనండీ. అక్కణ్ణించి ఇంటికి పాత టెలిఫోన్ రాగితీగ. దూరం ఎక్కువైతే వేగం పడిపోతుంది."

"వీధి చివరిదాకా కారులో తెచ్చి, అక్కణ్ణించి నన్ను పాకమంటారా?"

"రేపు మనిషిని పంపిస్తామమ్మా."

"రేపటికి మా అక్క ఉంటుందని నువ్వు రాసిస్తావా?"

ఫోన్ పెట్టేసి, ఆ కోపంలోనే రౌటర్ తీగను, కరెంటు ప్లగ్గును కలిపి పీకేశాను. పచ్చ దీపాలన్నీ ఆరిపోయాయి. ఇంట్లో చిన్న చప్పుడు కూడా లేదు. టాబ్లెట్‌లో సిమ్ లేదు, ఇంటర్నెట్ రావడానికి దానికి వేరే దారే లేదు.

అయినా చక్రం ఆగింది. అక్క కదిలింది. మాట ముక్కలు కాకుండా, పక్కన కూర్చున్నట్టే పలికింది.

"ఇప్పుడెంత బాగా కనిపిస్తున్నావే! ఎవరి మీదే ఆ కోపం?"

తీగ ఇంకా నా చేతిలోనే వేలాడుతోంది. భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

"అమ్మా నాన్నా ఒక్క మాటైనా అనకుండానే పోయారు. నువ్వూ చెప్పకుండా వెళ్లావంటే ఊరుకోను!" అని అరిచాను.

"చెప్పి వెళ్దామనేగా వచ్చాను" అంది అక్క.

ఆ గొంతు టాబ్లెట్‌లోంచి రాలేదు.