నలభై ఒక్క లైన్లు

సాయిసుధ మేడమ్ పంపిన సవరణ మూడోసారి తిరిగొచ్చింది.

"ఆ నలభై ఒక్క లైన్లు రాంప్రసాద్ గారి గుర్తు. తీసెయ్యం," అని జవాబు.

2006. గుడివాడలో ఒక కాలేజీ కంప్యూటర్ లాబ్. స్విచ్ వెయ్యగానే కంప్యూటర్‌ని నిద్ర లేపే ప్రోగ్రాంలోవి ఆ లైన్లు. ఆ ప్రోగ్రాంని ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఉచితంగా రాస్తున్నారు. డిస్‌ప్లే కార్డు చిప్‌లో దాని సొంత ప్రోగ్రాం ఒకటుంటుంది. దాన్ని వెతికి నడిపితేనే తెర వెలుగుతుంది. ఒక పాత కార్డు కోసం ఆ లైన్లు రాసింది రాంప్రసాద్. తర్వాత అన్ని కార్డులకూ సరిపోయే పద్ధతి రాసిందీ అతనే. దాంతో పాత లైన్లకి పని లేకుండా పోయింది. కిందటేడు అతను చనిపోయాడు. లైన్లు మిగిలాయి.

ఆమె నాలుగోసారి పంపింది, లాబ్ మెయిల్ నుంచే.

"మీ పేరు పెట్టండి మేడమ్. ఇంక మారుమాట్లాడరు," అన్నాడు లాబ్ అసిస్టెంట్ నతానియేలు.

"పేరు చూసి కాదు, పని చూసి ఒప్పుకోవాలి."

మధ్యాహ్నం లాబ్‌కి ఫోన్ వచ్చింది. ప్రాజెక్టు చూసే కొండలరావు, హైదరాబాద్ నుంచి.

"రాంప్రసాద్ గారిదీ నాదీ బందరేనండీ. మా ఊరి మనిషి గుర్తుగా ఇంత ఉంచుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"అది నడవదండీ."

"నడవకపోతేనేం, పడుంటుంది. అసలు అతని సంగతి మీకేం తెలుసు?"

ఆమె తెర మీద ఆ లైన్ల మొదటికి వెళ్ళింది.

"పైన అతనే రాసుకున్నాడు, చూడండి. 'తాత్కాలికం. కొత్తది రాగానే తీసెయ్యాలి' అని. పనికిరానిదాన్ని జాలిపడి ఉంచి, దానికి అతని పేరు తగిలించకండి. తీసేసి చూస్తాను. తెర వెలగకపోతే ఇంక మెయిల్ పెట్టను."

ఆ పాత కార్డున్న కంప్యూటర్ లాబ్‌లో ఒకటే ఉంది. ఆమె లైన్లు తీసేసి, కంప్యూటర్ సొంత చిప్‌లోకి సవరించిన ప్రోగ్రాం ఎక్కించింది. నతానియేలు స్విచ్ వేశాడు.

తెర నల్లగానే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. ఇద్దరూ కదల్లేదు.

"వచ్చింది మేడమ్!"

సాయంత్రానికి జవాబొచ్చింది. "ఒప్పుకుంటున్నాం. మీరన్నదే సరైంది. కానీ లాబ్ పేరు చెల్లదు. అడుగున పూర్తి పేరుతో, మీరెవరో రాయాలి. అది మా నియమం."

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుని అడుగున టైపు చేసింది: "మద్దాల సాయిసుధ, రాంప్రసాద్ భార్య."