మేత అయిపోయేదాకా

"ఇప్పుడే కొనాలా, ఆగాలా? సోమవారానికి నాకు రిపోర్టు కావాలి" అన్నాడు మేనేజరు గ్రాహం.

"సార్, నా వీసా లెటరు..." నసిగాడు విఠల్.

"ముందు రిపోర్టు, మేట్. లెటరు సంగతి వచ్చే వారం చూద్దాం."

ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లోని టువూంబా దగ్గరున్న పశువుల కంపెనీ అది. రైతుల దగ్గర బక్క పశువులను కొంటుంది. వంద రోజులు గింజలు మేపి, బలిశాక మాంసానికి అమ్ముతుంది. వై2కే భయంతో కంప్యూటర్లలో తేదీలు సరిచేయడానికి విఠల్‌ను తెచ్చుకున్నారు. ఆ భయం తీరాక పశువుల రాక, మాంసం ధరల అంచనాలు అప్పగించారు. ఆఫీసు వాళ్లు మాంసం కాల్చుకునే బార్బీ విందులో బ్రెడ్డూ ఉల్లిపాయలూ తిని లేచిపోయే మనిషికి బీఫ్ ధర చెప్పే ఉద్యోగం!

వీసా ఇంకా ఇరవై ఆరు రోజులే ఉంది. గ్రాహం లెటరిస్తేనే పొడిగింపు. వేరే ఉద్యోగం వెతుక్కుందామంటే, ఆ 2001లో సిడ్నీ నిండా పని పోయిన ప్రోగ్రామర్లే. ఇంట్లో భార్య శ్రీదేవికి ఎనిమిదో నెల.

"ఏమన్నాడు మీ గ్రాహం?" సాయంత్రం గుమ్మంలోనే అడిగింది శ్రీదేవి.

"నెక్స్ట్ వీక్ అన్నాడు. రిపోర్టు బాగుంటే ఇచ్చేస్తాడులే."

"డాక్టరు ఫ్లైట్ ఎక్కొద్దని చెప్పినాడు కదా. ఆ మాట ఆయప్పకు చెప్పినావా?"

"అన్నీ చెప్పినా."

ధర పెరుగుతుంది, వెంటనే కొనమంది కంప్యూటర్. అది చూసింది గత అయిదేళ్ల లెక్కలు. ఆ అయిదేళ్లూ వానలు బాగానే పడ్డాయి. కరువంటే ఏమిటో దానికేం తెలుసు? కరువు సీమ కళ్యాణదుర్గంలో పుట్టిన విఠల్‌కు తెలుసు. చిన్నప్పుడు నాన్న చూడి ఆవును తోలుకుని మూడు సంతలు తిరిగాడు. కొనేవాడు మూడుసార్లూ నవ్వి ఊరుకున్నాడు. నాలుగో సంతలో, ఇంట్లో గడ్డిపోచ లేనినాడు, వాడు అడిగినంతకే ఇచ్చేసి వచ్చాడు నాన్న.

విఠల్ రిపోర్టు రాశాడు.

"వాన జాడ లేదు. మూడు వారాలు ఆగండి. మేత అయిపోయాక రైతులే తోలుకొస్తారు. పశువులు ఎక్కువై ధర పడిపోతుంది. ఇంట్లో చూడి ఆవున్నవాడు అసలు ఆగలేడు, సగానికైనా ఒప్పుకుంటాడు. వచ్చే ఏడు పశువులు దొరకవు, మాంసం ధర ఆకాశానికి పోతుంది."

నాన్నను ముంచిన తెలివినే తాను అమ్ముకుంటున్నాడు. అయినా రాశాడు.

గ్రాహం రెండుసార్లు చదివాడు. తలెత్తి విఠల్‌ను కాసేపు చూశాడు.

"బ్రిలియంట్. ఇంత తెలివి నీకెక్కడిది?"

"మా ఊళ్లోది సార్. మరి లెటరు?"

"వచ్చే వారం. నో వర్రీస్."

వచ్చే వారం కూడా వచ్చే వారమే అన్నాడు. శ్రీదేవి అడగడం మానేసింది.

మూడో వారంలో సంత ముందు లారీలు బారులు తీరాయి. ధర సగానికి పడిపోయింది. గ్రాహం నాలుగు వేల పశువులను కొన్నాడు. అందరి ముందూ విఠల్ భుజం తట్టాడు. విఠల్ పొంగిపోయాడు. ఇక లెటరు ఎక్కడికి పోతుంది?

వీసా మూడు రోజుల్లో అయిపోతుందనగా గ్రాహం పిలిచి లెటరు ముందు పెట్టాడు. పొడిగింపు ఉంది. జీతం మాత్రం సగమే ఉంది.

"సార్, ఇదేదో పొరపాటు..."

"మార్కెట్ అలా ఉంది, మేట్. ఇష్టం లేకపోతే వద్దు."

విఠల్‌కు శ్రీదేవి కడుపు గుర్తొచ్చింది. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.

లెటరు ఎత్తి ఇవ్వబోతే దాని కింద తన రిపోర్టు కనిపించింది: చూడి ఆవు వాక్యం కింద ఎర్ర గీత, పక్కన మూడు వారాల కిందటి తేదీ వేసి గ్రాహం రాసుకున్న ఒకే ఒక్క మాట, 'విఠల్'.