మెకానిక్ అనుకుని

డ్రయ్యర్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది.

లోపల పాప బట్టలు సగమే ఆరాయి. బయట ముసురు. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

ఆమె ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టింది. ఇంకో సాకెట్లో పెట్టి చూసింది. మెయిన్ బోర్డులో స్విచ్చిలన్నీ కిందికి దించి పైకి వేసింది. లైట్లు వెలిగాయి, ఫ్యాను తిరిగింది. డ్రయ్యర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ప్లగ్గు అలాగే ఉంచి మెకానిక్‌కి ఫోన్ చేసింది. ఇదిగో వస్తున్నానన్నాడు.

మెకానిక్కుల 'ఇదిగో' ఎంత పొడుగో ఆమెకు తెలుసు. ఈలోగా బట్టలన్నా బయటికి తీద్దామని, గిన్నెలు కడుగుతున్న చేతులతోనే వెనక గదివైపు నడిచింది.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో ఒక మనిషి. నడివయసు. తలనుంచి నీళ్ళు కారుతున్నాయి. జేబులోంచి కటింగ్ ప్లయరు పిడి కనిపిస్తోంది.

ఇంత తొందరగా వచ్చినందుకు ఆమె సంబరపడిపోయింది. లోపలికి రమ్మని, మిషన్ వెనక గదిలో ఉందని చెప్పింది. కరెంటు అందుతున్నట్టు లేదని కూడా చెప్పింది.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మీరు దాన్ని ముట్టుకోలేదు కదా?"

లేదంది ఆమె. ఆ మాట వినగానే అతను గోడ పట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. వింత మనిషి అనుకుంది. గది చూపించి వంటింట్లోకి వెళ్ళింది.

చేతులు తుడుచుకుంటుండగా ఫోన్ మోగింది.

మెకానిక్. దారిలో బండి ఆగిపోయిందట, వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుందట, ఏమీ అనుకోవద్దట.

ఆమె వెనక గదివైపు తిరిగింది.

మరి లోపలున్నది ఎవరు?

వెనక గదిలోంచి 'టక్'మని ఏదో తెగిన చప్పుడు వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. పాప. హాల్లో బొమ్మలు మాత్రమే ఉన్నాయి. పాకుతూ ఎటు వెళ్ళిందో.

ఫోన్ పడేసి ఆ గదికి పరుగెత్తింది.

ప్లగ్గు సాకెట్లోంచి పీకేసి ఉంది. డ్రయ్యర్ వైరు రెండు ముక్కలై నేలమీద పడి ఉంది. అతని ఒక చేతిలో ప్లయరు. రెండో చేత్తో పాపను పొట్లంలా ఎత్తి గుండెకు అదుముకున్నాడు. మొహం పాలిపోయింది, నుదుటి నిండా చెమట, ఒళ్ళంతా వణుకు.

దొంగతనానికి వచ్చినవాడు దొరికిపోతే ఇలాగే వణుకుతాడనుకుంది ఆమె.

ఆమె పెట్టిన కేకకు పాప గుక్కపట్టింది. అతని చేతుల్లోంచి పాపను లాక్కుని హాల్లోకి పరుగెత్తింది. పక్కింటి పెద్దాయన, పైవాటా అన్నదమ్ములు వచ్చిపడ్డారు.

ఎవడివిరా అని ఒకరు, ఎవరు పంపారని ఇంకొకరు అడిగారు. అతను నోరు తెరిచేలోగా పైవాటా చిన్నవాడు చెంప మీద ఒకటి వేశాడు. మనిషి గోడకు తగిలి కూలబడ్డాడు.

తిరిగి కొట్టలేదు. చెంప కూడా తడుముకోలేదు. ఆమె వైపు చూసి ఒక్క మాట అన్నాడు.

"దాన్ని ఎవరికీ అమ్మకండమ్మా."

పైవాటా అన్నదమ్ములు నవ్వారు. వైరు కోసి మరీ సలహా చెబుతున్నాడన్నారు. పెద్దాయనే అడ్డుపడి, పిచ్చివాడిలా ఉన్నాడు, పోనివ్వండన్నాడు. మెట్లదాకా మెడపట్టి నెట్టుకెళ్ళారు. వానలో తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆమె తలుపులన్నీ గడియపెట్టి, పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. గాలికి కిటికీ కొట్టుకున్నా ఉలిక్కిపడింది.

అసలు మెకానిక్ వచ్చాడు. తెగిన వైరు చూసి నొసలు ముడిచాడు. మిషన్ వెనక రేకు విప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు.

"ఎర్త్ వైరు లేదమ్మా దీనికి. కరెంటు తీగేమో ఊడిపోయి రేకుకి ఆనుకుంది."

"అంటే?"

"మిషన్ నడవదు. కానీ ప్లగ్గు ఉన్నంతసేపూ ఒళ్ళంతా కరెంటే. తడి చెయ్యి పడితే..."

మాట అక్కడే ఆపి పాప వైపు చూశాడు.

ఆమె పాపను ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. ఈ చివర చూసింది, ఆ చివర చూసింది. ఎదుటి కొట్టు చూరు కింద నిలబడ్డవాళ్ళను అడిగింది. వాన తప్ప ఎవరూ లేరు.

తిరిగొచ్చి, మిషన్ కొన్న పాత సామాన్ల కొట్టుకు ఫోన్ చేసింది. నాలుగు దులిపేద్దామనుకుంది. ఆమె నోరు తెరవకముందే కొట్టాయన అందుకున్నాడు.

"ఆయన వచ్చాడామ్మా?"

పొద్దున్నే వచ్చి, ఆ మిషన్ ఎవరికి అమ్మావో చెప్పమని ప్రాణం తోడేశాడట. అడ్రసు చేతిలో పడగానే గొడుగిస్తానన్నా ఆగకుండా పరుగెత్తాడట.

మీకు తెలిసిన మెకానిక్కా అని అడిగింది ఆమె.

"ఆయనకి కరెంటు పనేం వచ్చమ్మా, బట్టల కొట్లో గుమాస్తా. సంగతి నాకూ ఇవాళే తెలిసింది. ఆ మిషన్ పట్టుకునే వాళ్ళావిడ పోయింది. ఆవిణ్ణి లాగబోయి ఆయన ఆస్పత్రిలో పడి ఉంటే, ఇల్లు ఖాళీ చేస్తూ చుట్టాలెవరో దాన్ని నాకు అమ్మేశారు."