కారులో కోర్టు

"ఇక్కడ కరెంటు లేదు. లాప్‌టాప్ బందయింది. ఇయ్యాల నేను కోర్టుల కనపడలేను. నీ వకీలుకు చెప్పు," అన్నది వర్షిత.

అవతల ఉన్నది భర్త కృష్ణకాంత్. వాళ్ల విడాకుల కేసుకు ఇవాళ ఆఖరి విచారణ. ఇద్దరూ మాట్లాడుకుని రెండేళ్లయింది.

గాలివానకు ఆమె పుట్టిల్లున్న ఆత్మకూర్ చుట్టూ స్తంభాలు విరిగిపడ్డాయి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కాలికి కట్టు ఉందని వర్షిత వీడియోలోనే హాజరయ్యేందుకు జడ్జి అనుమతించారు. మెట్ల మీద నుంచి పడ్డ రోజే ఆమె ఫోను కూడా పగిలింది. ఇప్పుడు మాట్లాడుతున్నది తల్లి నిర్మలమ్మ మీటల ఫోనులో. నంబరు వెతుక్కునే పని లేకపోయింది. వేళ్లకే గుర్తుంది.

"వాయిదా ఎందుకు? నేనే వస్తున్న. కార్ల ఇన్వర్టర్ ఉంది," అన్నాడతను.

మహబూబ్‌నగర్ నుంచి విరిగిన కొమ్మలు తప్పించుకుంటూ వచ్చాడు. కారు అద్దాల దాకా బురద. నిర్మలమ్మ గడప దాటి రాలేదు, కూర్చోమనలేదు. బిడ్డ కాలు విరిగితే చూడటానికి రాని మనిషి, తెంచుకోవడానికి మాత్రం ఉరికొచ్చాడని లోపలి నుంచే, అతనికి వినపడేలా అన్నది. కృష్ణకాంత్ తల వంచుకుని ముందు సీటు వెనక్కి జరిపాడు.

వర్షిత చంక కర్రతో కుంటుతూ వచ్చింది. అతను చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఆమే అతని భుజం పట్టుకుని కారెక్కింది. వెనక సీట్లోని దిండు తెచ్చి కట్టు కింద పెట్టాడు. ఇన్వర్టర్‌ను లైటర్ సాకెట్‌లో గుచ్చి, దానికి లాప్‌టాప్ చార్జర్ తగిలించాడు. దానిలోని చిన్న ఫ్యాను గుయ్యిమంది. తన ఫోను నుంచి నెట్టు ఇచ్చాడు. తాను కూడా ఇక్కడి నుంచే హాజరవుతానని వకీలుకు చెప్పేశాడు.

కేసు పిలిచారు. జడ్జి కళ్లద్దాల పైనుంచి తెర వైపు చూసి, ఇద్దరూ ఒకేచోట ఉన్నారేమని అడిగారు.

"కరెంటు లేదు సార్. ఈమె లాప్‌టాప్ నా కారు మీద నడుస్తాంది," అన్నాడు కృష్ణకాంత్.

కోర్టు హాల్లో నవ్వులు వినపడ్డాయి. జడ్జి మాత్రం నవ్వలేదు. విడిపోవడానికే ఇంత సాయం చేసుకునేవాళ్లు కలిసి ఉండటానికి ఎంత చేసుకుంటారో ఆలోచించమన్నారు. మిగతా కేసులు చూసి మళ్లీ పిలుస్తానని, అంతదాకా అక్కడే కూర్చుని మాట్లాడుకోమని చెప్పారు.

కృష్ణకాంత్ మైకు ఆపాడు. అతని చెయ్యి దానంతటదే వెళ్లి ఏసీ గాలిని ఆమె ముఖం మీది నుంచి పక్కకు తిప్పింది. చల్లగాలి తగిలితే ఆమెకు తలనొప్పి వస్తుంది. వర్షిత అది చూసింది.

నొప్పి ఉందా అని అడిగాడు. అప్పుడప్పుడు లేస్తుందని చెప్పింది. దవాఖానకు ఎట్లా వెళ్తున్నావంటే, ఆటోలో అన్నది.

"నాకు చెప్తే తీసుకపోదును కద," అన్నాడు, బయటికి చూస్తూ.

వర్షిత అతని వైపు చూస్తూ ఆలోచించింది. వాయిదా పడనిస్తే సరిపోయేది. అయినా ఈ బురదలో ఇంతదూరం వచ్చాడు. తన పక్కన ఇంకాసేపు కూర్చోవాలనిపించి ఉంటుంది. చెప్పుకోలేక కోర్టు పేరు పెట్టుకుని ఉంటాడు. రెండేళ్లు ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు నోరు విప్పితే చాలని ఎదురుచూసిందేమో, ఇప్పుడు ఆమెకే తెలియడం లేదు.

"జడ్జి మళ్ల పిలుస్తడు గద," అన్నది మెల్లగా. "మాకు వద్దు సార్, కేసు వాపస్ తీసుకుంటమని చెప్దామా?"

కృష్ణకాంత్ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. అతని కళ్లు తడిశాయి. "వర్షితా..." అని, ఆగిపోయాడు.

అంతలో డ్యాష్‌బోర్డు తెర మీద 'అమ్మ' అని వెలిగింది. కంగారులో కట్ చేయబోయి పక్క మీట నొక్కాడు. అతని తల్లి బిక్షమ్మ గొంతు కారంతా నిండిపోయింది.

"అయిపోయిందా బిడ్డా? పిల్ల తరఫోళ్లు వచ్చి కూసున్నరు. కోర్టుల తెగిందని నీ నోటితోని చెప్తే గాని పూలు పండ్లు పెట్టి నీ సంబంధం ఖాయం చేసేది లేదంటున్నరు."