టైలరు గారి బావమరిది

"నోరు తెరవండి."

టైలరు తెరిచాడు.

"నాలుక పైకెత్తండి."

ఎత్తాడు. దాని కింద మాత్ర బుద్ధిగా కూర్చుని ఉంది.

"మింగండి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

"ఇదేం పశువుల సంతటయ్యా, రోజూ పళ్లు చూసి పోవడానికి?"

టైలరు మాత్ర మింగి, చెంబెడు నీళ్లు తాగి, కసంతా కుట్టు మెషీను మీద తీర్చుకున్నాడు.

అతనికి క్షయ. మాత్రలు ఆరోగ్య శాఖ ఉచితంగానే ఇస్తుంది. ఆరు నెలలు ఒక్క పూటైనా మానకూడదు. మింగుతున్నాడో లేదో చూడడానికి రోజూ పొద్దున్నే ఈ మనిషి దిగబడతాడు.

మాత్రలకి కడుపులో తిప్పుతుంది. ఒంటేలు ఎర్రగా వస్తుంది. అవన్నీ టైలరు ఓర్చుకోగలడు. కానీ అతనికి ఇల్లూ కొట్టూ ఒకటే గది. జబ్బు సంగతి బయటపడితే అతను కుట్టిన చొక్కా ఎవరు తొడుక్కుంటారు?

ఒకనాడు నోరు తెరిచి ఉండగానే బస్సు కండక్టరు ప్యాంటు పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఎవరండీ ఈయన?"

టైలరు నోరు మూసి, నోటికొచ్చింది చెప్పేశాడు. "మా బావమరిదిలెండి. బుర్ర కాస్త వదులు. కనబడ్డవాళ్లందరి నోట్లోకీ తొంగి చూస్తాడు."

గుమ్మంలో మనిషి ఒక్క క్షణం టైలరు ముఖంలోకి చూశాడు.

"బావా, నా గుర్రం నీ కడుపులో దూరింది! తోక కనబడుతోంది, ఇంకాస్త తెరువు!"

కండక్టరు పడీ పడీ నవ్వాడు.

"మీరు కూడా తెరవండి సార్. అది టిక్కెట్టు లేకుండా బస్సెక్కే రకం."

ఇక ఆ గుర్రానికి పట్టపగ్గాల్లేవు. మర్నాటికి రెక్కలొచ్చాయి. వారం తిరిగేసరికి పిల్లను పెట్టింది. ఆ పిల్ల టైలరు పక్కటెముకల మధ్య గడ్డి మేస్తోందని వీధి వీధంతా చెప్పుకుంది. పిల్లలు ఆ బావమరిది వెంటపడి సకిలించేవారు. ఎవరో ఆకతాయి ఆయన చొక్కా వెనక గుడ్డపేలికతో తోక కట్టాడు. ఆయన తోకతోనే వచ్చాడు, మాత్ర మింగించాడు, తోకతోనే వెళ్లాడు.

"మా పుట్టింట్లో పిచ్చివాళ్లెవరూ లేరు. మీ బాబాయి కొడుకని చెప్పుకోరాదూ?" అంది టైలరు భార్య.

"మీ వైపంటేనే జనం నమ్ముతారే."

రెండు నెలలకి దగ్గు పోయింది. ఆకలి పుట్టింది. ఇంకా ఈ పీడ ఎందుకు అనిపించింది టైలరుకి.

అలాంటి సమయంలో హెడ్మాస్టరమ్మ వచ్చింది. బడి మొత్తానికి యూనిఫారాలు కుట్టించాలట. టైలరు ఇంకా టేపు తీస్తున్నాడు.

"బావా, నోరు!"

"ఇవాళ వద్దు. వెళ్లు."

"మింగితే వెళ్తాను బావా. గుర్రం ఆకలి మీదుంది."

"వెళ్లమన్నానా!"

టైలరు నెట్టాడు. ఆయన తలుపు పట్టుకుని వేలాడాడు. హెడ్మాస్టరమ్మ చేతిసంచీ గుండెలకి అదుముకుని మెట్లు దిగిపోయింది. యూనిఫారాలు పక్క వీధి టైలరుకి వెళ్లాయి.

టైలరు నేరుగా ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్లాడు. ఈ కిటికీ కాదన్నారు. ఆ కిటికీలో మనిషి భోజనానికి వెళ్లాడన్నారు. వచ్చాక, మీ వీధి నాది కాదన్నాడు. సాయంత్రానికి ఒక గుమాస్తా దొరికాడు.

"ఏం కావాలి?"

"మీ మనిషి ఇక మా ఇంటికి రాకూడదు. నా పొట్ట కొడుతున్నాడు. జీతమిచ్చి పోషించడానికి మీకు పిచ్చివాళ్లే దొరికారా?"

గుమాస్తా అప్పుడు తలెత్తాడు. "చూస్తాం."

ఏ పనీ కాని ఆ ఆఫీసులో ఈ పని మాత్రం మర్నాటికే అయిపోయింది. ఆయన రాలేదు.

టైలరు ఆ పూట మాత్ర మరిచిపోయాడు. తర్వాత్తర్వాత మరిచిపోయే శ్రమ కూడా పెట్టుకోకుండా మానేశాడు.

చలి మొదలయ్యేసరికి దగ్గు తిరిగొచ్చింది. ఈసారి రక్తం పడింది.

"పాత మాత్రలు ఇక మీకు పనిచేయవు," అంది ఆసుపత్రిలో నర్సు. "మందు మార్చారు. ఏడాది పైనే వాడాలి. మధ్యలో మానేస్తే ఇక మా చేతుల్లో ఏమీ లేదు."

"ఆయన్ని పంపండమ్మా. వీధి మధ్య నిలబడి సకిలించినా సరే. నా ఒక్కడి వల్ల కాదు."

"ఆయన రారు."

"నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"తీసుకుని ఏం లాభం? పైవాళ్లు ఆరా తీశారు. ఉద్యోగం లేని మనిషి ఇళ్లకి వెళ్లకూడదన్నారు. మీ ఒక్క ఇల్లే కాదు, అన్ని ఇళ్లూ ఆపేశారు. ఇప్పుడెవరు మింగుతున్నారో, ఎవరు మానేశారో మాకే తెలీదు."

"ఉద్యోగం లేదా?"

"ఇళ్లకి తిరిగే ఉద్యోగమే ఎప్పుడో ఎత్తేశారు కదండీ. ఆయనంతట ఆయనే వచ్చి, నేను తిరుగుతానమ్మా అన్నారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో మాతో చెప్పలేదు."

టైలరు బల్ల అంచు పట్టుకున్నాడు. "జీతం లేదు, భత్యం లేదు. అన్ని మాటలు పడి, పిచ్చివాడనిపించుకుని... ఎందుకమ్మా ఆయనకి?"

నర్సు మాత్రలు సంచీలో పెడుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఒకప్పుడు ఇళ్లకి నేనే వెళ్లేదాన్నండీ, వాళ్లమ్మాయికి మాత్రలు మింగించడానికి వెళ్తే, నలుగురూ చూస్తారని నన్ను గుమ్మంలోంచే తరిమేశారాయన, ఆ పిల్ల మరి బతకలేదు."